తోట దాటాకే మా ఇల్లు

విశాఖపట్నం దాటాక రైల్లో మాట మారిపోతుంది. సాయంత్రం సికింద్రాబాద్‌లో ఎక్కినప్పుడు ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ కూర్చున్నవాళ్లే, తెల్లవారి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ వచ్చేసరికి ఒకరి ఊరు ఒకరు అడగడం మొదలుపెడతారు. "ఏ ఊరు బాబూ మీది?" "కవిటి దగ్గర." "కవిటంటే ఎటేపు?" అక్కడితో ఆగదు. మన ఊళ్లో వాళ్ల మేనత్త కోడలి పుట్టిల్లు ఉంటుంది, లేదా వాళ్ల బావ ఎప్పుడో మన ఊరి బళ్లో మాస్టారుగా చేసి ఉంటాడు. నౌపడా ఉప్పు మడులు వెనక్కి వెళ్లాక పలాస వస్తుంది, జీడిపప్పు పొట్లాలు పెట్టెలోకి ఎక్కుతాయి. పలాస తర్వాత సుమ్మాదేవి, మందస రోడ్డు, బారువ, సోంపేట. హైదరాబాద్‌లో నిద్ర పట్టని రాత్రుల్లో ఈ స్టేషన్ల పేర్లు వరసగా మనసులో అనుకుంటూ ఉంటాను. సోంపేట వచ్చేలోపే చాలాసార్లు నిద్ర పట్టేస్తుంది.

సోంపేట స్టేషన్ నిజానికి ఉన్నది కంచిలిలో. కొత్తవాళ్లు దిగి, ఊరేదని వెతుక్కుంటారు. మాకు ఆ ఇబ్బంది లేదు. స్టేషన్ బయట సర్వీసు ఆటోలు ఉంటాయి, వాటిలో సగం మంది డ్రైవర్లు మనల్ని ఎవరి కొడుకో చెప్పి మరీ పిలుస్తారు.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లా చిట్టచివర, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఒడిశా సరిహద్దులో మహేంద్రగిరి, మధ్యలో వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలు. ఇసుక కలిసిన నేల. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి, వాటి కింద అరటి, కంద. బయటివాళ్లకు మా పేరు ఈ మధ్య కిడ్నీ జబ్బు వల్ల తెలిసింది. పేపర్లో ఉద్దానం అని కనబడితే పక్కన తప్పకుండా ఆ మాట ఉంటుంది. అది అబద్ధం కాదు, మా ఇంట్లోనూ ఉంది. కానీ అదొక్కటే మా ఊరు కాదని చెప్పుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

మా చిన్నప్పుడు రోడ్డు మీద నిలబడి చూస్తే మా ఇల్లు కనపడేది కాదు. రోడ్డు వార ఒక పెద్ద పనసచెట్టు, దాని పక్కనుంచి లోపలికి కాలిబాట, రెండు వైపులా కొబ్బరి. బాట మీద ఎప్పుడూ ఆకులు, పిందెలు, ఎండిన మట్టలు. మట్ట ఒకటి దొరికితే చాలు, దాని మీద ఒక గుంటడు కూర్చుంటే ఇద్దరు లాక్కుంటూ ఇంటిదాకా వెళ్లేవాళ్లం. తోట దాటాక పెంకుటిల్లు, ముందు ఇసుక పరిచిన వాకిలి. మిట్టమధ్యాహ్నం కూడా ఆ వాకిట్లో ఎండ చిన్న చిన్న ముక్కలుగానే పడేది. వేసవిలో మా వీధిలో ఎవరూ గొడుగు వేసుకుని తిరగడం నేను చూడలేదు.

మార్చి, ఏప్రిల్ నెలలు మాకు పచ్చి జీడిపిక్కల కాలం. ఆ కూర గురించి చెప్పకుండా నా ఇంటి గురించి చెప్పలేను. పిక్క పూర్తిగా ముదరకముందే, పైన పండు ఇంకా పిందెగా ఉన్నప్పుడే కోసుకొచ్చేవాళ్లం. అమ్మ పెరట్లో కత్తిపీట ముందు పీట వేసుకుని కూర్చునేది. ముందు చేతులకు నూనె రాసుకునేది, పైన పొయ్యి బూడిద అద్దుకునేది. పిక్కను నిలువునా రెండు చెక్కలు చేసి, సన్నటి పుల్లతో లోపలి తెల్లటి పప్పును పైకి లేపేది. ఆ చెక్కల్లోంచి జీడి చిమ్ముతుంది. ఎంత జాగ్రత్తపడినా వేలి సందుల్లోకి పోతుంది. తగిలిన చోట చర్మం నల్లబడి, నాలుగు రోజులకు పొరగా ఊడొస్తుంది. మమ్మల్ని దగ్గరకు రానిచ్చేది కాదు. "కళ్లు నులుముకుంటారు, ఎల్లండి అవతలికి" అని తరిమేది. ఒక గిన్నెడు పప్పు కావాలంటే పొద్దున్నంతా పట్టేది. దాన్ని నీళ్లలో వేసి, పైనున్న పలచటి తొక్క తీసి, ఉల్లిపాయ, కొబ్బరి కోరు వేసి ఇగురు పెట్టేది. వేడన్నంలో ఆ పప్పు ఒక్కొక్కటీ కొరుకుతుంటే మెత్తగా, కొంచెం తియ్యగా, పాలుగారుతూ ఉండేది. కొట్లో దొరికే ఎండు జీడిపప్పు రాత్రంతా నానబెట్టి వండితే ఆ రుచి రాదు. మా ఆవిడ చాలా ఓపికగా చేసి చూసింది. రాలేదు. ఆ కూర తింటున్నన్ని రోజులూ అమ్మ చేతివేళ్లు నల్లగానే ఉండేవి, ఆ చేత్తోనే మా కంచాల్లో వడ్డించేది.

మా వైపు సంతలో రెండు భాషలు నడుస్తాయి. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ముసలమ్మలతో అమ్మ సగం తెలుగు, సగం ఒరియా కలిపి బేరమాడేది. ఇప్పుడు హైదరాబాద్‌లో మెట్రోలో ఎవరైనా ఒరియా మాట్లాడితే నా తల దానంతటదే అటు తిరుగుతుంది. భవనాల పనికి వచ్చిన కుర్రాళ్లు. బరంపురం వైపు వాళ్లయితే ఇంకా సంతోషం, వాళ్ల మాటలో మా సంత వినబడుతుంది.

అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది రాత్రిపూట చప్పుడు. గాలికి కొబ్బరాకులు ఒకదానికొకటి రాసుకుంటే అచ్చం వాన పడుతున్నట్టే ఉంటుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు రాత్రి లేచి, ఆరేసిన బట్టలు తీసేద్దామని వాకిట్లోకి వెళ్లి, చుక్కలు చూసి తిరిగొచ్చేవాళ్లు. మాకు ఆ చప్పుడు ఉంటేనే నిద్ర. మధ్యమధ్యలో ఎండుకాయ ఒకటి ఇసుకలో ధబ్బున పడేది. మామ్మ నిద్రలోనే "అది తూర్పు గట్టు చెట్టుది" అనేది. తెల్లారి వెళ్లి చూస్తే అక్కడే ఉండేది కాయ.

తర్వాత అందరిలాగే నేనూ వచ్చేశాను. మా ఊళ్లో చదువైపోయాక బండెక్కడం మామూలే. సముద్రం ఒడ్డు ఊళ్ల కుర్రాళ్లు గుజరాత్‌లో వెరావల్ రేవుకు వేటకు పోతారు. తాపీ పనివాళ్లు హైదరాబాద్, చెన్నై. కొంతమంది గల్ఫ్. నాకు బాలానగర్ వైపు ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం దొరికింది. పెళ్లి, పాప, రెండు గదుల అద్దె ఇల్లు. పనికి, తిండికి లోటు లేదు. కానీ రాత్రి ఫ్యాను ఒక్కటే తిరుగుతుంటే చాలాకాలం నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

అక్టోబరు వస్తే మాత్రం టెన్షన్. ఉద్దానం వాళ్లు ఎక్కడున్నా అక్టోబరులో వాతావరణ వార్తలు వదలరు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, మాకు పక్కనే. తర్వాతి ఏడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. పైలిన్‌కి మా తోటలో చెట్లు పోయాయి, చాలా చెట్లు నిలబడ్డాయి కూడా. అందుకని 2018లో తిత్లీ వస్తోందంటే నాన్న పెద్దగా కంగారుపడలేదు. దసరా నవరాత్రులు మొదలై ఒక్కరోజే అయింది. రాత్రి ఫోన్ చేస్తే అమ్మ మాట్లాడింది. "గాలి ఏస్తంది రా. ఆవుదూడని లోపలికి కట్టీసినాం. నువ్వు పడుకో" అంది. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాసకు దగ్గర్లో తుపాను తీరం దాటింది. అప్పటినుంచి ఫోన్ లేదు.

ఆ తర్వాత గడిచిన సమయం గురించి ఎక్కువ రాయలేను. ఊరివాళ్ల నంబర్లు ఎన్ని ఉన్నాయో అన్నిటికీ చేశాను. అన్నీ స్విచాఫే. టీవీలో పలాస స్టేషన్ పైకప్పు రేకులు చూపించారు, హైవే మీద పడిపోయిన లారీలు చూపించారు. మా ఊరి పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. రైళ్లు నడవడం లేదు. బస్సులో శ్రీకాకుళం చేరి, అక్కడినుంచి దొరికిన బండి పట్టుకుని, పడిన చెట్ల పక్కనుంచి దారి చేసుకుంటూ వెళ్లాం. బండిలో ఉన్నవాళ్లంతా ఉద్దానం వాళ్లే. పలాస దాటేదాకా ఒకటే మాటలు. దాటాక ఎవ్వరూ నోరెత్తలేదు.

మా మలుపు దగ్గర బండి ఆపమని చెప్పడం నాకు తెలియలేదు. రోడ్డు వార పనసచెట్టు లేదు. దాన్ని చూసి కదా దిగేది. కొంచెం ముందుకు వెళ్లిపోయాక పక్కన కూర్చున్న ఆయన, "అదిగో, ఆ పెంకుటిల్లు మీది కాదేటి?" అన్నాడు. చూస్తే మా ఇల్లే. రోడ్డు మీంచి, పట్టపగలు, గోడలతో సహా మొత్తం ఇల్లు కనబడుతోంది. పుట్టి పెరిగిన ఇంటిని బయటినుంచి అలా పూర్తిగా చూడటం నాకు అదే మొదటిసారి. అది ఎంత చిన్న ఇల్లో అప్పుడు తెలిసింది.

తోటంతా ఒకే వైపుకి పడి ఉంది. కొన్ని వేళ్లతో లేచిపోయాయి, కొన్ని నడుముకి విరిగాయి. బాట ఎటుందో తెలియక మానుల మీద ఎక్కి దిగుతూ వెళ్లాను. నాన్న వాకిట్లో ఒక మాను మీద కూర్చుని ఉన్నాడు. "వచ్చీసినావా" అన్నాడు. అంతే. కాసేపటికి లేచి, నన్ను వెంటబెట్టుకుని తోట తిప్పాడు. ఇది మీ తాత వేసింది. ఇది నువ్వు పుట్టిన ఏడు వేసింది. దీని కాయలు అమ్మే మీ అప్పకు గాజులు చేయించాం. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, దాని సంగతి చెప్పి, ఇంకో దాని దగ్గరకు నడిచాడు. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. నేనే కూర్చుండిపోయాను.

మంచినీళ్లు లేవు. కరెంటు లేకపోతే బోరు లేదు. బొండాలు మాత్రం కాళ్లకు తగులుతున్నాయి. ఊరు ఊరంతా ఆ రోజుల్లో కొబ్బరినీళ్లే తాగింది, వాటితోనే పిల్లలకు గొంతు తడిపారు. ఆ చెట్లు చివరిసారి పెట్టినది అది.

రాత్రి వాకిట్లో మంచాలు వేసుకున్నాం. పైన ఆకాశం మొత్తం తెరిచి ఉంది. గాలి ఉంది కానీ చప్పుడు లేదు. దూరంగా హోరు ఒకటి వినబడుతోంది. అదేమిటో నాకు కాసేపు అర్థం కాలేదు. సముద్రం. ఇన్నేళ్లూ ఆకుల చప్పుడు వెనక అది ఉండేదని మాకు తెలియనే తెలియదు. అమ్మ అటూ ఇటూ దొర్లుతోంది. "నిద్దర పట్టట్లేదు రా నానా. ఏదో ఇంటికి కాక ఇంకెక్కడికో వచ్చి పడుకున్నట్టుంది" అంది. ఇల్లు వదిలి ఎక్కడికీ పోని మనిషి ఆ మాట అంటుంటే, ఇంటి మీద బెంగ అంటే ఏమిటో నాకు కొత్తగా తెలిసింది. దూరంగా ఉన్నవాళ్లకే బెంగ ఉంటుందని అంతవరకు అనుకునేవాణ్ణి. సొంత వాకిట్లో మంచం మీద పడుకుని కూడా మనిషి ఇంటికోసం బెంగపడగలదు.

తెల్లారి లేచేసరికి పడమటి వైపు మహేంద్రగిరి కనబడింది. నీలంగా, ఎంతో దగ్గరగా. మా వాకిట్లోంచి కొండ కనపడుతుందని నాన్నక్కూడా తెలియదు.

లెక్కలు రాసుకోవడానికి వచ్చినవాళ్లు చెట్టుకింత అని రాసుకున్నారు. వాళ్లు చేయగలిగింది వాళ్లు చేశారు, తప్పుపట్టను. నా ఉద్యోగమూ లెక్కలు రాయడమే కాబట్టి ఆ కాగితం చదివాను. కొబ్బరి ఎన్ని, జీడి ఎంత విస్తీర్ణం అని గళ్లున్నాయి. మామ్మ నిద్రలో పోల్చుకున్న చెట్టు కూడా అందులో ఒక అంకె.

పడిన చెట్లతో ఇంకో చిక్కు ఉంది. మానులు తోటలోనే వదిలేస్తే కుళ్లి, వాటిలో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. అది మిగిలిన చెట్ల మొవ్వు తినేస్తుంది. అందుకని ఊరంతా రంపం మిషన్ల మోత. వాటిని కోయించడానికి అయిన ఖర్చు, కొన్నవాడిచ్చిన దానికంటే ఎక్కువ. కొంతమంది ఆ ఏడే స్థలాలు అమ్ముకుని పిల్లల దగ్గరకు వెళ్లిపోయారు. నేనూ అమ్మానాన్నలను హైదరాబాద్ రమ్మన్నాను. వచ్చారు కూడా. నాన్న బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఏది తూర్పు, గాలి ఎటునుంచి వస్తోంది అని చూస్తూ ఉండేవాడు. ఫోన్లో వాతావరణం పెట్టివ్వమనేవాడు, అదీ సోంపేటది. తొలకరి పడిందని తెలియగానే టికెట్లు తియ్యమన్నాడు. "గోతులు తవ్వీసుకోవాలి, ఈ వానలు పోతే మళ్లీ ఏడాదే" అన్నాడు. పొడుగు రకం కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆయన వయసుకి అదేం తొందర అని ఎవరో చుట్టం అన్నాడు. నాన్న పట్టించుకోలేదు.

మొక్కలు వేసినంత సులువుగా తోట రాలేదు. రెండో ఏడు తెల్లదోమ పట్టింది. ఆకుల అడుగున తెల్లటి పొర, పైన మసి. పచ్చగా ఉండాల్సిన లేత తోట నల్లగా అయిపోయింది. అమ్మ పంపుతో ఆకులు కడిగేది, ఇంటి ముందున్న వాటికైనా. దానికితోడు నాన్నకు క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది అది. మా వైపు బడి గడప తొక్కనివాళ్లకు కూడా ఆ మాట తెలుసు, "మీకెంత, మాకింత" అని అంకెలు చెప్పుకుంటారు. పరీక్షల కోసం విశాఖ వెళ్లి రావడం ఒక రోజు పని, ఒంట్లో బాగాలేని మనిషికి రెండు రోజుల పని. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో మా మండలాలకు వచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. ఇంట్లో కుళాయి తిప్పి అమ్మ నాకు ఫోన్లో నీళ్ల చప్పుడు వినిపించింది. ఇంకో యాభై ఏళ్ల ముందు వచ్చి ఉంటే మా ఊళ్లో ఎంతమంది బతికి ఉండేవారో అనిపించింది. ఆ మాట అమ్మతో అనలేదు.

మా పాపకు పాత తోట తెలియదు. తిత్లీ నాటికి అది చంకలో పిల్ల. దానికి ఊరంటే ఎండ పడే వాకిలి, రోడ్డు మీంచే కనబడే ఇల్లు, ఎదురుగా కొండ. సెలవులకు వెళ్లగానే సంచి పడేసి ముందు పడమటి గట్టు మీదకు పరుగెత్తి కొండ చూసొస్తుంది. నేను నీడ గురించి చెప్తే వింటుంది, కానీ అది దాని ఇల్లు కాదు. మొదట్లో నాకు మనసు చివుక్కుమనేది. తర్వాత అనిపించింది, రేపు ఎక్కడో దూరదేశంలో ఉద్యోగం చేసుకుంటూ ఇది కూడా ఇల్లు తలుచుకుంటుంది కదా, అప్పుడు దానికి గుర్తొచ్చేది ఈ కొండే. నాన్న ఆ పక్క వరసలో మొక్కలు వేస్తున్నప్పుడు, "తాతా, ఇవి పెరిగితే కొండ కనపడదు" అని ఏడుపు మొదలుపెట్టింది. నాన్న చాలాసేపు ఆలోచించాడు. తవ్విన గోతుల్లో రెండు పూడ్చేశాడు. చెట్టు చోటు కోసం పక్కవాళ్లతో గట్టు తగాదా పెట్టుకునే మనిషి, మనవరాలి కోసం రెండు కొబ్బరిచెట్ల చోటు వదిలేశాడు. ఇప్పుడు తోట ఎదుగుతోంది, ఆ సందులోంచి కొండ కనబడుతోంది.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు కొన్ని చెట్లు గెల వేశాయి. నీడ ఇంకా పూర్తిగా రాలేదు, వాకిట్లో సగం ఎండ, సగం నీడ. రాత్రి చప్పుడు మాత్రం మొదలైంది. ఇంకా సన్నగానే ఉంది, సముద్రాన్ని కమ్మేసేంత కాదు, రెండూ వినబడతాయి. అమ్మ ఇప్పుడు నిద్రపోతోంది. నేను మెలకువగా పడుకుని వింటూ ఉన్నాను. వెళ్లిన మొదటి రాత్రి నాకు ఎప్పుడూ నిద్ర పట్టదు, పట్టకూడదనే ఉంటుంది.

మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేశాడు. తుపానుకు కొమ్మలు విరిగి మిగిలిన పనసచెట్లు ఈసారి బాగా కాసాయట. లేత కాయలకు మంచి ధర ఉంది, ఒడిశా, బెంగాల్ వైపు లారీలు పోతున్నాయి, వ్యాపారి తోటకే వస్తానంటున్నాడు.

"అన్నీ ఇచ్చీమంటావా, పండడానికి ఉంచమంటావా?"

"మే నెల మొదటి వారంలో వస్తాం నాన్నా, సోంపేటకి టికెట్లు కన్ఫర్మ్ అయినాయి."

"అయితే పెరట్లో రెండు చెట్లు ఉంచీస్తాను. వచ్చినప్పుడు నా బీపీ మాత్రలు రెండు నెలలకి సరిపడా అట్టుకురా, ఇక్కడ ఆ కంపెనీవి దొరకట్లేదు. మీ అమ్మేదో చెప్తాదంట, ఉండు."

అమ్మ ఫోన్ అందుకుని, జీడిపిక్కలు అప్పటికి ముదిరిపోతాయని, అందుకే ఇప్పుడే కొట్టి పప్పు తీసి ఫ్రిజ్‌లో పెడుతున్నానని, కరెంటు పోకుండా ఉంటే బాగుణ్ణని చెప్పింది. చేతులకు నూనె రాసుకున్నావా అని అడిగాను. "రాసుకున్నాను లేరా" అంది.